తప్పు జేస్తే ఏమంటది?

సదయ్య దేన్నయినా సరే ముందు ఒక తప్పు చేసి చూసేవాడు. అది కుక్కరు కావచ్చు, కారు కావచ్చు, కాబోయే అల్లుడు కావచ్చు. "మంచిగ వాడితే అన్నీ మంచిగనే ఉంటయి. తప్పు జేస్తే ఏమంటది? ముందు గది జెప్పు" అనేది ఆయన మాట. ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో ఇల్లంత డంపరు లారీని ఏళ్ల తరబడి నడిపి, దాని మీద ఒక్క గీత పడనివ్వని మనిషి రిటైరయ్యాక ఇలా తయారయ్యాడేమిటని గోదావరిఖనిలో కొందరు బాధపడ్డారు. మిగతావాళ్లు హాయిగా నవ్వుకున్నారు.

కొత్త కుక్కరు కొనుక్కోవడానికి పూలమ్మ భర్తను వెంటబెట్టుకుని వెళ్లింది. అది ఆమె పొరపాటే. దుకాణంలోనే ఆయన మూత వంకరగా పెట్టి, బలమంతా ఉపయోగించి తిప్పడం మొదలుపెట్టాడు.

"కాకా, గట్ల పెట్టద్దు!" అని దుకాణదారు లబలబలాడాడు.

"పెట్టద్దని నాకెర్కే. పెడితే ఏమంటది?"

"ఏమంటది? మూత వడది!"

"గట్లనా? అయితే ఇది మంచి కుక్కర్. కట్టియ్యి" అన్నాడు సదయ్య. పూలమ్మ అప్పటికే పక్క దుకాణంలోకి వెళ్లి, ఆయనెవరో తెలియనట్టు గరిటెలు చూస్తోంది.

కొత్త ఫోను కొన్న రోజే కావాలని తప్పు నంబరు కొట్టి కొట్టి దాన్ని లాకు చేయించాడు. అది ఎంతకీ తెరుచుకోకపోయేసరికి "ఇది పగవట్టే జాతి" అని తిరిగిచ్చేసి, పాత బటన్ల ఫోనే మళ్లీ జేబులో వేసుకున్నాడు. దవాఖానకు కొత్త డాక్టరమ్మ వస్తే కడుపునొప్పితో వెళ్లి మోకాలు నొప్పి అని చెప్పాడు. ఆమె మోకాలు నొక్కి, ఈయన ముఖం చూసి, మెల్లగా కడుపు మీద చెయ్యి పెట్టి "ఇక్కడా?" అని అడిగింది. ఆనాటి నుంచి ఆమెను ఎవరైనా ఒక మాటంటే సదయ్య ఊరుకోడు.

ఇక బండ్ల సంగతి చెప్పనక్కర్లేదు. తెలిసినవాళ్లలో ఎవరు బండి కొన్నా సదయ్యను తీసుకెళ్లాల్సిందే. తీసుకెళ్లకపోతే ఆయనే వచ్చేవాడు. ముందు ఏదో పని పెట్టుకుని కొనబోయేవాళ్ల పాత బండెక్కి బజారుకో మంథనికో వెళ్లేవాడు. ఎక్కీ ఎక్కగానే నిద్రపోయేవాడు. సదయ్య స్కూటీ వెనక కూర్చుని కూడా నిద్రపోగలడని కాలనీలో పేరు. తర్వాత షోరూముకు వెళ్లి, కొత్త బండిని తీసుకుని, ప్రపంచంలో ఎవరూ నడపనంత దరిద్రంగా నడిపేవాడు.

ఎదురింటి యమున అంగన్‌వాడీ టీచరు. ఆమె స్కూటీ కొన్నప్పుడు సదయ్య నడపడం చూడటానికి షోరూము పక్కన ఛాయ్ హోటల్ ఖాళీ అయింది. రెండు కాళ్లూ నేలకు ఈడ్చుకుంటూ, ప్రతి మలుపులో ముందు బ్రేకు గట్టిగా పిసుకుతూ, గుడ్లు తేలేస్తూ ఆయన అటు నుంచి ఇటు వచ్చాడు.

"డంపర్ నడిపినోనికి స్కూటీ వస్తలేదు సూడుండ్రి!" అని జనం పడీ పడీ నవ్వారు. యమున కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మూడో స్కూటీ దిగాక సదయ్య తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, "ఇది నిన్నేమనది బిడ్డా, తీస్కో" అన్నాడు.

అందరికంటే ఎక్కువగా నవ్వినవాడు ఆయన అల్లుడు ఉపేందర్. అతనికి ఆ హక్కుంది. అతను స్వయంగా ఆ పరీక్ష పాసైన సరుకు. ఆయన కూతురు దీపను చూడటానికి తెల్లప్యాంటు వేసుకుని వచ్చిన రోజు సదయ్య గ్లాసెడు ఛాయ్ నేరుగా ఆ ప్యాంటు మీదే ఒలకబోశాడు. తొడ మండుతున్నా ఉపేందర్ పళ్లు బిగించి నవ్వాడు.

"ఫికర్ జెయ్యకుండ్రి. ప్యాంటుకు గూడ ఛాయ్ అలవాటైతది."

అంతటితో అయిపోలేదు. మంచిచెడ్డలు మాట్లాడుతూ మాట్లాడుతూ, ఎవరూ ఏమీ అనకుండానే సదయ్యకు కోపమొచ్చింది. సగం మాటలో లేచి బయటికి వెళ్లిపోయాడు. వచ్చినవాళ్లంతా ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. కాసేపటికి ఆయన మిర్చి బజ్జీల పొట్లంతో తిరిగొచ్చి, అసలేమీ జరగనట్టు "తినుండ్రి, సల్లారిపోతయి" అన్నాడు. ఉపేందర్ ఒక బజ్జీ తీసుకుని, పక్కకు జరిగి ఆయనకు చోటిచ్చాడు. సంబంధం ఖాయమైంది.

పెళ్లయ్యాక ట్రావెల్స్ పెట్టుకుని వ్యాను కొన్నప్పుడూ ఇదే తంతు. సదయ్య ప్రతి వ్యానునూ వాలులో ఆపి, హ్యాండ్‌బ్రేకు వేయకుండా దిగి ఛాయ్‌కు వెళ్లిపోయేవాడు. మొదటి రెండు వ్యాన్లు వెనక్కి నడుచుకుంటూ పోయాయి. వాటిలో ఒకటి అరటిపండ్ల బండి దాకా వెళ్లింది. మూడోది మాత్రం తలుపు తీయగానే కీచుకీచుమని అరిచింది. "ఇది అరుస్తది గని మంచికే అరుస్తది" అని సదయ్య అదే ఇప్పించాడు.

ఆ ఉపేందర్ ఇప్పుడు స్పోర్ట్స్ కారు కొనబోతున్నాడు.

బొగ్గుగనుల ఊళ్లో స్పోర్ట్స్ కారెందుకని అడిగేవాళ్లు ఈమధ్య బరాత్ చూసి ఉండరు. పెండ్లికొడుకు గుర్రం దిగి చాలా కాలమైంది. ఇప్పుడు పైకప్పు తెరుచుకునే రెండు సీట్ల కారు కావాలి. ముందు డీజే బండి, దాని వెనక ఎగిరే జనం, ఆ జనం వెనక అడుగులో అడుగు వేసుకుంటూ కారు. కన్ను మూసి తెరిచేలోగా మంచిర్యాల చేరగలిగిన కారు సాయంత్రమంతా కలిపి మూడు సందులు దాటాలి. అలాంటి కారు గోదావరిఖనిలో ఎవరి దగ్గరా లేదు. వ్యానుకు గిరాకీ తగ్గి ఉపేందర్ దిక్కులు చూస్తున్న సమయంలో పోశం కొడుకు పెళ్లికి మొదటి బుకింగు వచ్చింది. పోశం సదయ్యతో పాటు డంపర్లు నడిపినవాడు, పెద్ద బలగం ఉన్నవాడు. అతనింట బరాత్ మంచిగా సాగితే సీజనంతా ఉపేందర్‌దే. ఏదైనా తేడా వస్తే ట్రావెల్స్ బోర్డు దింపుకోవాల్సిందే.

కారు నడిపేది ఉపేందర్ తమ్ముడు సంపత్. గిరాకీ వచ్చినప్పుడు వ్యానును వాడే నడుపుతాడు. ఒద్దికైన పిల్లవాడు. ఏమన్నా "సరే అన్న" తప్ప ఇంకో మాట ఎరగడు. మొన్నే సదయ్య ఏదో పని పెట్టుకుని వాడి వ్యానులో బజారుకు వెళ్లి, ఎప్పట్లాగే దారంతా నిద్రపోయాడు.

మంచిర్యాల నుంచి పాత కార్ల వ్యాపారి జైపాల్ రెండు కార్లు తెచ్చాడు, ఒకటి ఎరుపు, ఒకటి పసుపు. ఎర్రదాని గురించి అతను చెప్పిన తీరు పెళ్లికాని పెద్దకూతురి గురించి చెప్పినట్టుంది. "మంచిదే. గేర్ల బాధ లేదు. నాలుగు చక్రాలకు జోరుంటది, ఎటూ జారది. గట్టిగ తొక్కినా, నిజంగనే తొక్కినవా అని ఒకసారి అడిగి కదుల్తది. తప్పు జేసినా అదే సర్దుకుంటది." తర్వాత పసుపు కారు వైపు తిరిగేసరికి అతని గొంతే మారిపోయింది. "ఇది జూడు అన్నా. జోరంత ఎనక చక్రాలకే. మధ్యల కంప్యూటర్ గిట్ల ఏం లేదు. కాలిట్ల పెడితే సాలు, దుంకుతది. ఇది డ్రైవింగొచ్చినోని బండి."

ఉపేందర్ పసుపు కారు స్టార్టు చేయించుకుని విన్నాడు. ఆ క్షణంలోనే మనసు పారేసుకున్నాడు. పోశంకు ఫోటో కూడా పంపేశాడు.

ఆ రోజు ఇంట్లో దీప అడిగింది. "బరాత్‌ల నడిసే బండికి దుంకుడెందుకు?"

"గది నీకు సమజ్ గాదు. సప్పుడే వేరే ఉంటది. పోరగాళ్లు..."

"ఆఁ, నాకేం సమజైతది? పెండ్లప్పటి నుంచి నాకేదన్న..." అని సగం మాటలో ఆగి, దీప చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయింది. కాసేపటికి ఉప్పూకారం చల్లిన జామకాయ ముక్కలతో వచ్చి, "తిను, మంచిగున్నయి" అంది. ఇలాంటివి ఉపేందర్‌కు అలవాటే. తిన్నాడు.

మర్నాడు కార్లు నడిపి చూడాలి. పొద్దున్నే పని ముగించుకుందామని జైపాల్ తొందరపడ్డాడు. సదయ్య ఒప్పుకోలేదు.

"ఇప్పుడు గాదు. బ్లాస్టింగ్ టైంకు."

"కారుకు బ్లాస్టింగ్‌కు ఏం సంబంధం కాకా?"

"నీకు లేదు. నాకున్నది."

ఓపెన్‌కాస్టులో మధ్యాహ్నం సైరన్ కూశాక బండరాయిని మందుపెట్టి పేలుస్తారు. ఖని ఊళ్లో కిటికీలు గలగలలాడతాయి. ఛాయ్ తాగేవాళ్లు గ్లాసు కొంచెం గట్టిగా పట్టుకుంటారు. అంతకు మించి ఎవరూ పట్టించుకోరు.

గనికి దూరంగా, మట్టిగుట్టకు ఇవతల, లారీలు తిరగడం మానేసిన పాత రోడ్డు ఒకటుంది. అక్కడికి సదయ్య ఆటోలో వచ్చాడు. ఆటో నిండా పూలమ్మ ప్లాస్టిక్ బిందెలు ఉన్నాయి.

"ఇయ్యెందుకు మామా?" అని ఉపేందర్ తల పట్టుకున్నాడు.

"బరాత్‌ల ఎగిరేటోళ్లు" అని సదయ్య ఒక్కో బిందెనూ రోడ్డు మీద నిలబెట్టసాగాడు. "ఈ నీలిది పెండ్లికొడుకు దోస్తు, జెర తాగున్నడు. ఈ ఎర్రది మేనత్త. ఇగ ఈ సన్న పచ్చది..."

"అదెవలు?"

"చిన్నపిల్ల. ఎంత ఎల్లగొట్టినా బండి ముంగటికే వస్తది" అని ఆ చిన్న బిందెను అన్నిటికన్నా ముందు పెట్టాడు.

జైపాల్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. సంపత్ మాత్రం బిందెల వైపు చూడలేదు. గుట్ట వైపు, సైరన్ వచ్చే దిక్కు చూస్తున్నాడు.

సైరన్ కూసింది. సదయ్య ఎర్ర కారెక్కాడు. పక్క సీట్లో ఉపేందర్. బరాత్‌లో పోయినంత మెల్లగా బిందెల వైపు పోనిచ్చాడు. ఉపేందర్ చేతులు అనుకోకుండానే సీటు అంచును పట్టుకున్నాయి. అప్పుడు మోత మోగింది. నేల అదిరింది. సదయ్య కుడి భుజం ఎగిరి చెవికి తగిలింది, కళ్లు మూసుకుపోయాయి, గడ్డం ఛాతీలోకి దిగింది, కాలు ధడాల్న యాక్సిలరేటరు మీద పడింది. ఎర్ర కారు ఒకసారి గుర్రుమంది. ఏం చేద్దామని ఆలోచించుకున్నట్టు ఒక మూర కదిలింది. అప్పటికి సదయ్య కాలు బ్రేకు మీదికి వచ్చేసింది. పచ్చ బిందె నిలబడ్డచోటే ఉంది.

"మామా! జన్మంత గనిల ఉండి, నువ్వు బ్లాస్టింగ్‌కు బెదురుతవా?" అని ఉపేందర్ పగలబడి నవ్వాడు.

"బెదురుత" అన్నాడు సదయ్య ముక్తసరిగా. "దిగు. రెండో మోత ఉన్నది."

పసుపు కారులో కూర్చున్నాక ఉపేందర్‌కు నవ్వు రాలేదు. ఆ కారు నిలబడి ఉన్నా లోపలంతా వణుకుతూనే ఉంది. బిందెలు ఇందాకటి కంటే దగ్గరగా కనిపించాయి. సదయ్య క్లచ్చు సగం వదిలి, మెల్లగా, ఒక్కో జానెడూ ముందుకు పోనిస్తున్నాడు. మోత రాలేదు. ఇంకా రాలేదు. "ఇగ రాదేమో మామా" అని ఉపేందర్ అనబోతుండగా నేల అదిరింది.

భుజం చెవికి తగిలింది. కాలు పడింది. ఈసారి కారు ఏమీ అడగలేదు. ఒక్క దూకు దూకింది. వెనక భాగం పక్కకు ఈడ్చుకుపోయింది. ఉపేందర్‌కు ఆకాశం, మట్టిగుట్ట, జైపాల్ ముఖం వరసగా కనిపించాయి. కింద ఏదో ఫటేల్మంది. రోడ్డు అంచున ఉన్న మట్టికట్టకు ముక్కు ఆనించి కారు ఆగింది. దుమ్ము దిగేదాకా ఇద్దరూ లోపలే కూర్చున్నారు.

ఉపేందర్ దిగి వెనక్కి నడిచాడు. నీలి బిందె పొదల్లో ఉంది. మేనత్త ఎక్కడికి పోయిందో తెలియదు. పచ్చ బిందె నిలువునా పగిలి, దాని మీద టైరు గుర్తు ఉంది.

"గట్ల తొక్కితే ఏ బండైనా గంతే!" అని జైపాల్ తన కారును తడుముకుంటూ అరిచాడు. "మంచి డ్రైవరైతే ఏమైతది? మీ సంపత్ మంచిగనే నడుపుతడు గద?"

సంపత్ రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని చెప్పు సరిచేసుకుంటున్నాడు. తలెత్తకుండానే "ఏదైనా సరే అన్న" అన్నాడు.

"నువ్వేమంటవు మామా?" అని ఉపేందర్ అడిగాడు.

"నేనేమంట? అది అన్నది గద" అని సదయ్య మిగిలిన బిందెలు ఏరుకుని ఆటోలో వేసుకున్నాడు. పగిలిన బిందెను మాత్రం అల్లుడి చేతిలోనే వదిలేశాడు.

ఉపేందర్ దాన్ని ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టుకున్నాడు. ఎవరు తొక్కుతారు అలా, మామ కావాలనే తొక్కాడు అని సర్దిచెప్పుకున్నాడు. పసుపు కారు చప్పుడు గుర్తుతెచ్చుకున్నాడు. గుర్తొచ్చిన ప్రతిసారీ చివర్లో ఆ ఫటేల్మన్న చప్పుడు కూడా వచ్చింది. ఇంక ఆగలేక పోశంకు ఫోన్ చేశాడు.

"కాకా, ఎర్ర కారొస్తది."

"ఎర్రదేంది? పసుపన్నవు గదనే! చౌరస్తాల ఫ్లెక్సీ గూడ కొట్టిచ్చిన, పిలగాని పక్కన పసుపు కారు వెట్టి! ఇజ్జత్ పోదా నాది?"

"ఎర్రదే కాకా. లేకుంటే ఏదీ రాదు." అన్నాక తన మాటకు తనకే భయమేసింది. మొదటి బుకింగు చేతిలోంచి జారిపోతున్నట్టే అనిపించింది.

అవతల పోశం గొంతు తగ్గింది. "సదన్న ఏమన్నడు?"

"ఏమనలే. బిందె పగులగొట్టిండు."

"ఎంత బిందె?"

"సన్నది. పచ్చది."

పోశం కూడా డంపరు ముందు చిన్నదేదైనా వస్తే ఏమవుతుందో తెలిసిన ఓపెన్‌కాస్టు మనిషే. మరి మారు మాట్లాడకుండా "ఎర్రదే తీస్కరా" అని ఫోన్ పెట్టేశాడు.

బరాత్ ఎండ తగ్గాక బయల్దేరింది. పొద్దు గూకేలోగా ముగించాలని డీజేకు షరతు. చౌరస్తాలో ఫ్లెక్సీ మీద పసుపు కారు, దాని కింద నుంచి పోతున్న ఎర్ర కారు. జనం రెంటినీ చూసి తలో మాటా అన్నారు. సంపత్ తెల్లచొక్కా వేసుకుని బిగుసుకుని కూర్చున్నాడు. వెనక భాగం మీద పెళ్లికొడుకు, పెళ్లికూతురు. ఉపేందర్ తలుపు పక్కనే నడుస్తున్నాడు. కారు ముందు సదయ్య చెప్పినట్టే అందరూ ఉన్నారు. దోస్తులున్నారు, మేనత్తలున్నారు. జడలో పూలు పెట్టుకున్న చిన్నపిల్ల ఒకతి ఎవరు లాగినా మళ్లీ బంపరు దగ్గరికే వచ్చి ఎగురుతోంది.

అప్పుడు సదయ్య వచ్చాడు. జన్మలో ఒక్క అడుగూ వేయని మనిషి, తువ్వాల నడుముకు చుట్టి కారు ముందు నిలబడి డాన్సు మొదలుపెట్టాడు. దాన్ని డాన్సు అనుకోవాలంటే మంచి మనసుండాలి. రెండు చేతులూ బార్లా చాపి, పక్కలకు గిరగిరా తిరుగుతూ, దగ్గరికి వచ్చినవాళ్లందరికీ మోచేతులు తగిలిస్తూ ఆడాడు. జనం నవ్వుతూ తిట్టుకుంటూ దూరం జరిగారు. కారుకూ జనానికీ మధ్య పెద్ద ఖాళీ ఏర్పడింది. అందులో ఆయనొక్కడే మిగిలాడు.

"మామకు మందెవలు పోసిన్రు?" అని ఎవరో అరిచారు.

రెండో సందు మొదట్లో దోస్తులు పటాకుల దండ తీసి అంటించారు. కారు పక్కనే.

చప్పుడు కాగానే ఉపేందర్ సంపత్ వైపు తిరిగాడు. తిరిగినందుకు జీవితాంతం సంతోషిస్తాడు. సంపత్ కుడి భుజం ఎగిరి చెవికి తగిలింది. కళ్లు మూసుకుపోయాయి. గడ్డం ఛాతీలోకి దిగింది. అచ్చంగా అదే భుజం, అదే గడ్డం. కారు గుర్రుమంది. ముందు సదయ్య, ఆయన వెనక చిన్నపిల్ల. కారు ఆలోచించుకుంది. ఒక మూర కదిలి, సదయ్య మోకాళ్లకు జానెడు దూరంలో ఆగింది.

జనం అది కూడా డాన్సే అనుకుని ఈలలు వేశారు. సదయ్య వంగి బానెట్ మీద చేత్తో తట్టి, "ఏమనలే" అన్నాడు. మళ్లీ చేతులు చాపి తిరగడం మొదలుపెట్టాడు.

చిన్నప్పుడు దీపావళి వస్తే సంపత్ మంచం కింద దూరేవాడు. మీసాలొచ్చాక మానేశాడని ఉపేందర్ అనుకున్నాడు. వ్యాను మొద్దు ఇంజను కాబట్టి ఇన్నాళ్లూ ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు వాడు స్టీరింగు పట్టుకుని, ముఖం తెల్లబోయి, అన్న చూశాడేమోనని చూస్తున్నాడు. ఉపేందర్ ఫ్లెక్సీ వైపు ముఖం తిప్పుకున్నాడు. కానీ దోస్తుల చేతుల్లో ఇంకా పెద్ద డబ్బా నిండా పటాకులున్నాయి. రెండో దండ విప్పుతున్నారు.

ఉపేందర్ ఉరికి ఆ డబ్బాను రెండు చేతులా ఎత్తుకున్నాడు.

"ఏయ్, ఏందన్నా!"

"పటాకుల పొగ దగిల్తే ఈ కారు రంగుకు పొక్కులొస్తయి!"

"రంగుకు పొక్కులా? ఎన్నడన్న ఇన్నమా?"

"ఫారిన్ రంగు! నీకేమెర్క!" అంటూ ఉపేందర్ డబ్బాతో సహా జనాన్ని తోసుకుంటూ ముందుకు పరుగెత్తాడు. దోస్తులు వెంటపడ్డారు. సందు చివరిదాకా అతన్ని తరిమి, చివరికి డీజే బండికి కూడా ముందు, కారుకు అందనంత దూరంలో కాల్చుకోవడానికి ఒప్పుకున్నారు. ఆ రోజు బరాత్‌లో పెళ్లికొడుకు కంటే ఎక్కువ వీడియోలు ఉపేందర్‌వే వచ్చాయి. బరాత్ మాత్రం పోశం గడప దాకా క్షేమంగా చేరింది.

మర్నాడు పొద్దున దీపతో కలిసి మామ ఇంటికి వెళ్లాడు. దీప లోపలికి పోయింది. సదయ్య వరండాలో కూర్చుని ఉన్నాడు.

"మామా, బండ్లెక్కి నువ్వు ఏనాడూ నిద్ర పోలె."

"కండ్లు మూస్కుంటే కాళ్ల సప్పుడు మంచిగ ఇనవడ్తది" అన్నాడు సదయ్య.

"కాళ్లీడ్సేది యమునక్క."

"ఒకసారి రోడ్డు పక్క మోరీల పడ్డది. అప్పటి సంది భయం. నలుగుర్ల ఎట్ల జెప్తది?"

"మరి నలుగురు నిన్ను జూసి నవ్విన్రు గద."

"నవ్వితే నాకేం బోయె? పింఛన్ ఆపుతరా?"

"సంపత్..."

"ఎవల సంగతి?" అని సదయ్య అడ్డం తగిలాడు. "పటాకులకు నేను బెదురుత. నేనొక్కన్నే. ఇగ నీ కారు రంగు బెదురుతదంట, నిన్న ఇన్న" అని మీసాల్లో నవ్వాడు.

ఉపేందర్ కూడా నవ్వబోయి ఆగాడు. "మరి నా వ్యానుకు ఆ హ్యాండ్‌బ్రేకు..."

సదయ్య వీధి వైపు చూశాడు. వీధిలో ఉపేందర్ దిగి వచ్చిన వ్యాను కీచుకీచుమంటూ మెల్లగా యమున గోడ వైపు నడుస్తోంది. ఉపేందర్ చెప్పులు వదిలేసి ఉరికాడు. బ్రేకు లాగి, ఆయాసపడుతూ వచ్చి కూర్చున్నాడు. ఇంక ఆ విషయం ఎత్తలేదు.

దీప ఛాయ్ తెచ్చింది. "నిన్న పటాకుల డబ్బ ఎత్తుకొని ఉర్కినవంట. ఊరంత ఫోన్లల్ల జూస్తున్నరు. ఎందుకురికినవంటే నాకొక్క ముక్క..." అని సగం మాటలో గ్లాసు ఠకీమని పెట్టింది. సగం ఛాయ్ ఎగిరి అతని మోకాలి మీద పడింది. ఆమె చెప్పులేసుకుని గేటు దాటి వెళ్లిపోయింది.

ఉపేందర్ తడిసిన ప్యాంటు చూసుకున్నాడు. గేటు చూశాడు. తెల్లప్యాంటు గుర్తొచ్చింది. మిర్చి బజ్జీల పొట్లం గుర్తొచ్చింది. మెల్లగా మామ వైపు తిరిగాడు.

"మామా... ఆనాడు పెండ్లిచూపులల్ల..."

"మెల్లగ. మీ అత్త ఇంటది."

"నా మీద దీప జేసే తప్పులు జేసి సూసినవా?"

"నా బిడ్డ నడుపుడు నాకెర్కలేదా అల్లుడా?"

ఉపేందర్‌కు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. నవ్వే వచ్చింది. "మరి నా తప్పులకు దీపెట్ల ఓర్సుకుంటదో, అది ఎవలు సూసిన్రు?"

"ఈ ఇంట్లనే గద పెరిగింది. ఇన్నేండ్లు నేను జేసినయి సాలవా?"

"సాలు సాలు!" అని లోపలి నుంచి పూలమ్మ గొంతు ఖంగుమంది. "నా పచ్చబిందె ఏదో ముందు గది జెప్పు!"

మామా అల్లుళ్లు ఇద్దరూ ఒకేసారి వీధిలోకి చూడటం మొదలుపెట్టారు. అంతలో గేటు చప్పుడైంది. దీప వేడి బోండాల పొట్లంతో లోపలికి వచ్చి, అసలేమీ జరగనట్టు ఇద్దరి మధ్యా పెట్టింది.

"తినుండ్రి, సల్లారిపోతయి."

ఉపేందర్ ఒక బోండా తీసుకుని, పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చాడు. సదయ్య రెండో బోండా అందుకుంటూ, ఎవరికీ వినబడకుండా "ఏమనలే" అనుకున్నాడు.